వీడు మా ఇల్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నిర్వాహకులు నాకు ఇరవై నిమిషాలిచ్చారు. "ఇంజనీరువి గదా, సాంకేతిక ప్రగతి మీద నాలుగు మాటలు చెప్పు" అన్నారు. ప్రగతి గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఈ వేదిక మీదే నలుగురున్నారు. నేను మాత్రం ఏ సిలబస్‌లోనూ లేని ఒక సబ్జెక్టు గురించి చెబుతాను. దానికి రోజూ పరీక్ష ఉండేది, మార్కులు మాత్రం ఎవరూ వెయ్యలేదు. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష పెట్టుకొని పెరగడమే ఆ సబ్జెక్టు. మన తీరంలో పుట్టిన పిల్లల్లో సగం మందికి అది పుట్టుకతోనే వచ్చింది.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం కొంచెం భూగోళం చెబుతాను. సూళ్ళూరుపేట నుంచి నెల్లూరు ఎంత దూరమో మద్రాసూ ఇంచుమించు అంతే. తడ దాటితే ఆరంబాక్కం, అంటే తమిళనాడు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా వాళ్ళూ మనమూ ఒకే మద్రాసు రాష్ట్రం. పటాస్కర్ సూచనల ప్రకారం 1960 ఏప్రిల్ 1న గీత మళ్ళీ సర్దారు. తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు వైపు ఊళ్ళు ఇటు వచ్చాయి. 2022లో సూళ్ళూరుపేట నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. కాగితం మీద గీతలు ఇన్నిసార్లు కదిలాయి గానీ పులికాట్ సరస్సు మాత్రం ఉన్నచోటే ఉంది. ఆ ఒడ్డున దాన్నే పళవేర్కాడు ఏరి అంటారు. సరస్సులో ఇరకం దీవికి పడవెక్కితే చెవిన పడేది ఎక్కువగా తమిళమే. తీరం పొడుగునా ఉన్న పట్టపుపాలేల్లో ఇంటి మాట తమిళానికి దగ్గరగా ఉంటుంది, బజారు మాట తెలుగు. దానికి తోడు 1971 అక్టోబరులో శ్రీహరికోట నుంచి మొదటి రోహిణి రాకెట్లు ఎగిరిన దగ్గర్నుంచి కేరళవాళ్ళు, తమిళులు, కన్నడిగులు ఉద్యోగాలకు వచ్చి చేరారు. టీవీలొచ్చిన కొత్తల్లో మన యాంటెనాలకు అందేది మద్రాసు దూరదర్శనే. శుక్రవారం సాయంత్రం "ఒలియుం ఒళియుం" పాటల కోసం తెలుగిళ్ళూ తమిళిళ్ళూ ఒకే పెట్టె ముందు కూర్చునేవి.

మా ఇల్లే ఒక చిన్న సరిహద్దు. నాయన ఈ ఒడ్డువాడు, అమ్మ ఆ ఒడ్డుది. నాయనవాళ్ళమ్మను అవ్వ అనేవాళ్ళం, అమ్మవాళ్ళమ్మను పాట్టి అనేవాళ్ళం. ఇద్దరూ ఒకే వసారాలో కూర్చుని, ఒకరి భాష ఇంకొకరికి పూర్తిగా రాకుండానే ముప్పై ఏళ్ళు కబుర్లు చెప్పుకున్నారు. వాళ్ళమధ్య ఒక్క పెద్ద తగాదా కూడా రాలేదు. సగం అర్థం కాకపోవడం వల్లేనని నాయన అనుమానం.

బొత్తిగా తెలియని భాషతో పెద్ద ప్రమాదం లేదు. ఎదుటివాడు ఏమన్నాడో తెలియదు కాబట్టి నోరు మూసుకుని ఊరుకుంటాం. ప్రమాదమంతా అక్కాచెల్లెళ్ళలాంటి భాషలతోనే. మాట అదే, పలుకు అదే, అర్థం వేరు. మా కరెంటు పనిలో ఒక సామెత లాంటిది చెప్పుకుంటాం: ప్లగ్గు సాకెట్‌లో పట్టిందని మురిసిపోకు, వోల్టేజి చూసుకో. నూట ఇరవై వోల్టుల అమెరికా మిక్సీని ఏదో అడాప్టరు పెట్టి మన రెండొందల ముప్పైలో గుచ్చితే చక్కగానే పడుతుంది. పొగ తర్వాత వస్తుంది. తెలుగు తమిళాల మధ్య ఇలాంటి ప్లగ్గులు బోలెడు.

ఉదాహరణకు పుళి. తమిళంలో పులి అంటే మనకు లాగే పులి. పుళి అంటే చింతపండు. తేడా అంతా నాలిక మడతలో ఉంది. పాట్టి ఒకరోజు మా చెల్లెల్ని "పుళి వాంగిట్టు వా" అని చిల్లర కొట్టుకు పంపింది. చెల్లెలికి ఆరేళ్ళు. కొట్లో నిలబడి ధైర్యంగా "పావుకిలో పులి ఇయ్యి" అనింది. శెట్టిగారు తక్కెడ పట్టుకొని ఆలోచించి, "పావుకిలో నువ్వు తీసకపోతే మిగతా పులిని నేనెవరికి అమ్మేదమ్మా?" అన్నాడట. అది ఏడుస్తూ ఇంటికొచ్చి, "శెట్టి కాడ పూర్తి పులి తీసుకోవాలంట" అని చెప్పింది. ఆ పూట మా ఇంట్లో చారు లేదు.

మా చిత్తి పెళ్ళిచూపులు ఇంకో కథ. తమిళంలో నల్ల అంటే మంచి. మనకు నల్ల అంటే నలుపు. మగపెళ్ళివారు గూడూరు వైపువాళ్ళు, తమిళం తెలియదు. చిత్తి వచ్చి కూర్చోగానే పాట్టి గర్వంగా "ఎంగ పొణ్ణు రొంబ నల్ల పొణ్ణు" అనింది. మా పిల్ల చాలా మంచి పిల్ల అని ఆమె భావం. పెళ్ళికొడుకు తల్లి ఒకసారి చిత్తిని, ఒకసారి పాట్టిని చూసింది. సొంత బిడ్డను చూపులకొచ్చినవాళ్ళ ముందు ఇంత నిజాయితీగా వర్ణించే తల్లిని ఆమె అంతకుముందు చూసి ఉండదు. "దానికేముందిలే వదినా, మావాడూ నల్లోడే" అనింది. పాట్టికి ఆ ఒక్క మాట బాగా అర్థమైంది. "నల్లవన్ అంటే చాలు, ఇంకేం గావాల" అని అప్పుడే తాంబూలాలు తెప్పించింది. ఆ సంబంధం అట్లా కుదిరింది. ఇద్దరూ నలభై ఏళ్ళ పైగా కాపురం చేశారు. రెండు భాషల్లోనూ ఆ మాట నిజమేనని చిత్తి ఇప్పటికీ అంటుంది.

ఆ పెళ్ళి భోజనాల దగ్గర అటువైపు బంధువుల బంతికి వడ్డించింది మన కుర్రాళ్ళు. విస్తరి నిండిన పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి "వేండాం, వేండాం" అంటే, వద్దని అర్థం. మనవాడికి "వండాం" అని వినపడింది. "అవును తాతా, మేమే వండాం, బాగుందా?" అని ఇంకో గరిటె వేశాడు. ఆయన "పోదుం పోదుం" అన్నాడు, అంటే చాలు చాలు అని. "అప్పుడే ఎక్కడికి పోదాం? పాయసం రానీ" అని ఇంకో గరిటె. ఆయన మన తెలుగువాళ్ళ మర్యాద గురించి వాళ్ళ ఊళ్ళో చాలా కాలం చెప్పుకున్నాడని విన్నాను. మెచ్చుకున్నాడో భయపడ్డాడో తెలియదు.

బయటి జిల్లాల నుంచి వచ్చిన అయ్యవార్లకూ కష్టాలు తప్పలేదు. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఒక సారు బజారు వీధిలో అద్దెకు దిగారు. మర్నాడు తెల్లారకముందే వీధిలో ఒక ఆడమనిషి "యెరా! యెరా!" అని కేకలు. తమిళంలో ఎరా అంటే రొయ్యలు. సారు తువ్వాలు భుజాన వేసుకొని బయటికొచ్చి, "ఎవర్నమ్మా ఏరా అంటున్నావు?" అని గద్దించారు. ఆమె బేరం తగిలిందని సంతోషంగా గంప దించి, "ఎవ్వళవు వేణుం?" అనింది, ఎంత కావాలి అని. సారుకు "ఎవడు" అన్నట్టు వినపడి ఇంకా మండింది. చివరకు గంప మీద గుడ్డ తీశాక గొడవ సర్దుకుంది. సారు ఇక్కడున్నన్నాళ్ళూ ఆదివారం పొద్దున వాకిట్లో నిలబడి, "ఇంకా ఏరా రాలేదేం?" అని మమ్మల్నే అడిగేవారు.

మలయాళం వచ్చి కలిస్తే ఇంకా చిక్కు. శ్రీహరికోట ఉద్యోగి కొడుకొకడు కొన్నాళ్ళు మన దగ్గర చదివాడు. వచ్చిన రోజే దాహమేసి ఆయమ్మ దగ్గరకెళ్ళి "వెళ్ళం" అన్నాడు. మలయాళంలో వెళ్ళం అంటే నీళ్ళు. ఆయమ్మకు బెల్లం అని వినపడి, పాపం ఎక్కడో వెతికి ఒక ముక్క తెచ్చిచ్చింది. వాడు మర్యాదగా తిన్నాడు. దాహం ఇంకా పెరిగింది. మళ్ళీ "వెళ్ళం" అన్నాడు. ఇంకో ముక్క వచ్చింది. మూడోసారి అడిగేసరికి, తమిళం తప్ప ఏదీ సరిగా రాని మన వాచ్‌మన్ తాత విన్నాడు. తమిళంలో వెళ్ళం అంటే వరద. ఆయన లేచి సరస్సు వైపు చూడటం మొదలుపెట్టాడు. ఒక్క మాటకు నీళ్ళు, బెల్లం, వరద మూడూ సిద్ధమయ్యాయి గానీ పిల్లవాడికి గ్లాసు నీళ్ళు మాత్రం చాలాసేపటికి గాని రాలేదు.

1979 ఆగస్టు 10 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎస్‌ఎల్‌వి మూడు మొదటి ప్రయోగం. పొద్దున్నే అందరం మిద్దెలెక్కాం. మెరుపు, ఆ తర్వాత ఉరుము లాంటి చప్పుడు. పక్కింటాయన "పోయింది, పోయింది!" అని చప్పట్లు కొట్టాడు. పైకి పోయిందని ఆయన సంతోషం. పాట్టి గుండె మీద చెయ్యేసుకొని "అయ్యో, పోచ్చా?" అనింది. తమిళంలో పోచ్చు అంటే చేజారిపోయింది, పాడైపోయింది అని. మేమంతా ఆమెను చూసి నవ్వాం. ఆ తర్వాత రాకెట్టు సముద్రంలో పడిపోయిందని తెలిసింది. ఆ రోజు రెండు భాషలూ కరెక్టే. మరుసటేడు 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరింది. ఆ పొద్దున మాత్రం పక్కింటాయన పాట్టిని మిద్దె ఎక్కనివ్వలేదు.

ఇంతవరకు నవ్వులాట. ఇప్పుడు చెప్పేది కూడా నవ్వులాటగానే మొదలైంది.

ఆరో తరగతిలో దీవి నుంచి ఒకడు వచ్చి చేరాడు. పేరు చెప్పొద్దన్నాడు, ఈ హాల్లోనే ఉన్నాడు. ఇంట్లో తమిళం, దీవిలో తమిళం, తెలుగు అక్షరాలు అప్పుడే కూడబలుక్కుంటున్నాడు. చేరిన వారంలో దరఖాస్తు నింపడానికి ఆఫీసులో "సొంత ఇల్లేనా?" అని అడిగారు. వాడు "ఇల్లె" అన్నాడు. తమిళంలో ఇల్లె అంటే లేదు. రాసేవాళ్ళు "ఇల్లే" అని విని "సొంత ఇల్లు ఉంది" అని రాసుకున్నారు. ఏ గృహనిర్మాణ పథకమూ లేకుండా కాగితం మీద వాడికి అట్లా ఒక ఇల్లు కట్టించేశారు.

లెక్కల క్లాసులో సారు అడిగారు, "పన్నెండును నాలుగుతో భాగిస్తే ఎంత?" వాడు లేచి చటుక్కున "మూణు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. సారు సరిదిద్దారు: "మూణు కాదురా, మూడు." వాడు నోరు మూసేసుకున్నాడు. ఎందుకంటే తమిళంలో మూడు అంటే మూసుకో అని. "వాయ మూడు" అంటే నోర్ముయ్. సరైన జవాబు చెప్పినందుకు నోరు మూసుకోమంటున్నారని వాడనుకున్నాడు. సారు మళ్ళీ "చెప్పరా, మూడు, మూడు" అన్నారు. వాడు పెదాలు ఇంకా బిగించాడు. సరేనని ఇంకో లెక్క ఇచ్చారు. "ముప్పై రెండును నాలుగుతో?" వాడు భయపడుతూ "ఎట్టు" అన్నాడు. తమిళంలో ఎనిమిది. మన నెల్లూరు చెవులకు అది "ఎట్ట?" అన్నట్టుంది. "ఎట్టేందిరా, భాగహారం చెయ్యి!" అన్నారు సారు. నిజానికి వాడు క్లాసులో అందరికంటే ముందే ఆ లెక్క చేసేశాడు. వారం తిరిగేసరికి వాడికి మొద్దు అని పేరు పడిపోయింది.

విరామంలో వాడు తమిళంలో గొణుక్కుంటుంటే విని, నేను లెక్కల సారు దగ్గరకెళ్ళి ఈ మూణు, ఎట్టుల సంగతి చెప్పాను. మర్నాడు సారు నాతో బోర్డు మీద ఒకటి నుంచి పది దాకా పక్కపక్కనే రాయించారు. ఒణ్ణు, రెండు, మూణు, నాలు, అంజు, ఆరు, ఏళు, ఎట్టు, ఒంబదు, పత్తు. "రెండు దాకా గొడవ లేదు, మూడు కాడే తిరకాసంతా" అన్నారు. "రేపట్నుంచి ఎవురు ఏ అంకెతో చెప్పినా జవాబు కరెక్టయితే మార్కులే." ఆ నెల పరీక్షలో మన మొద్దుకు నూటికి తొంభై ఆరు.

కానీ సంవత్సరం తిరక్కముందే వాళ్ళ నాయన వచ్చాడు. వలల్లో సాయానికి మనిషి తక్కువయ్యాడు, వీణ్ణి మాన్పించి తీసుకుపోతానని. ఆయనకు తెలుగు బొత్తిగా రాదు. లెక్కల సారు వరండాలోనే నిలబెట్టి, మంచి మాటగానే గట్టిగా చెప్పారు: "అయ్యా, వీడికి చదువు అవసరం!"

ఇక్కడ కొంచెం ఆగండి. తమిళంలో వీడు అంటే ఇల్లు. తమిళంలో అవసరం అంటే తొందర, అత్యవసరం. ఆ పెద్దాయనకు సారు చెప్పిన దాంట్లో తెలిసినవి ఆ రెండు మాటలే. ఇల్లు, అత్యవసరం! ఇంటి దగ్గర ఏదో జరిగింది, బడికి కబురొచ్చింది అనుకున్నాడు. కొడుకు చెయ్యి పట్టుకొని పరుగు. సారు వెనక నుంచి "అవసరం, అవసరం" అని అరిచేకొద్దీ ఆయన ఇంకా వేగంగా పరిగెత్తాడు. మేమంతా పడీపడీ నవ్వాం. మర్నాడు వాడు రాలేదు. ఆ తర్వాత నాలుగు రోజులూ రాలేదు. అప్పటికి నవ్వు ఆగిపోయింది.

శనివారం మధ్యాహ్నం సారు నన్ను వెంటబెట్టుకొని భీములవారిపాలెం రేవులో పడవెక్కారు. నేను దుబాసీని. పన్నెండేళ్ళ దుబాసీ. రెండు భాషలొచ్చిన పిల్లలకు ఎవరూ జీతమివ్వని ఉద్యోగం ఇది. మందుల చీటీ దగ్గర, బ్యాంకులో, తాలూకాఫీసులో పెద్దవాళ్ళ మధ్య నిలబడి, పెద్దవాళ్ళ కష్టాలు మన నోటితో చెప్పాలి. సారు పది నిమిషాలు విద్య గొప్పతనం గురించి చెబితే, నేను తమిళంలో "రోజూ పంపమంటున్నాడు, లెక్కల్లో వీడే ఫస్టంట" అని ఒక్క ముక్కలో తేల్చాను. ఆ తండ్రి "వల ఎవరు లాగుతారు? బియ్యం ఎవరు తెస్తారు?" అని అడిగాడు. దాన్ని తెలుగులోకి తిప్పడానికి కూడా ఒక్క ముక్కే సరిపోయింది. సారు దగ్గర జవాబు లేదు.

అప్పుడు మనవాడు పాత అలవాటుగా సారుకు మర్యాద చెయ్యబోయాడు. తాటాకుల గుడిసె వైపు చెయ్యి చూపించి, కొత్తగా నేర్చిన తెలుగంతా కూడగట్టుకొని, "సార్, వీడు మా ఇల్లు" అన్నాడు. తమిళ మాటా తెలుగు మాటా రెండూ ఒకే వాక్యంలో పెట్టాడు. నాకు నవ్వొచ్చింది. సారుకు రాలేదు. వాడి తల మీద చెయ్యేసి, వాళ్ళ నాయన వైపు తిరిగి అన్నారు: "అవునయ్యా. వీడే మీ ఇల్లు."

దాన్ని తిప్పడం నాకు చాలా తేలికైంది. "ఇవన్ దాన్ ఉంగ వీడు" అన్నాను. ఆ పెద్దాయన కొంతసేపు సరస్సు వైపు చూశాడు. తర్వాత "సరి, అనుప్పరేన్" అన్నాడు. పంపిస్తాను అని.

మేం లేవబోతుంటే వాడి అక్క చెంబుతో వచ్చి "మంచినీళ్ళు తాగండి సార్" అనింది. అచ్చమైన తెలుగు. తల్లితో చేపల గంప మోసుకొని బజారుకు తిరిగి నేర్చుకుంది. తమ్ముడికంటే బాగా మాట్లాడుతోంది. "నువ్వెందుకు చదువుకోలేదమ్మా?" అని సారు అడిగారు. ఒడ్డున ఒక బడికి కొన్నాళ్ళు పోయిందట. "లెక్క అడిగితే చెప్పినాను సార్. మూడు, మూడు అన్నారు. నోరు మూసుకోమన్నారనుకున్నా. ఇంక పోలేదు" అని నవ్వుతూనే చెప్పింది. ఆమెకు బోర్డు మీద రెండు వరసలు రాసి చూపించినవాళ్ళు లేరు. మరుసటేడు పెళ్ళయిపోయింది. తిరుగు పడవలో సారు ఒక్క మాట మాట్లాడలేదు.

1984 నవంబరు తుపాను మన తీరాన్ని ఎట్లా ఊడ్చిందో మీకు చెప్పనక్కర్లేదు. బడి గదుల్లో పాలేలవాళ్ళు తలదాచుకున్నారు. బియ్యం, దుప్పట్లు పంచడానికొచ్చిన ఉద్యోగులకు తమిళం రాదు, వచ్చిన ముసలివాళ్ళకు తెలుగు రాదు. మధ్యలో బల్ల మీద నిలబడి రెండు భాషల్లో పేర్లు పిలిచి, లెక్కలు రాసి, కుటుంబానికి ఎన్ని దుప్పట్లో చెప్పింది మన మొద్దే. తర్వాత ఐటీఐ చదివి, ఇప్పుడు పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాడు. బోల్టులు లెక్కబెట్టేటప్పుడు ఈనాటికీ ఒణ్ణు, రెండు, మూడు అని కలగలిపి లెక్కబెడతాడు. ఒక్క బోల్టు కూడా తక్కువ రాదు.

ఉద్యోగం మీద కొన్నేళ్ళు అమెరికాలో టెక్సాస్‌లో ఉన్నాను. అక్కడ మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు అచ్చం మనలాగే. ఇంట్లో స్పానిష్, బడిలో ఇంగ్లీషు. స్పానిష్‌లో సోపా అంటే తాగే సూపు. నాతో పనిచేసే ఒకాయన కూతురు బడిలో చేరిన కొత్తల్లో, టీచరు "సోప్‌తో చేతులు కడుక్కో" అంటే సూపు కోసం వంటగది వైపు నడిచిందట. మా పుళి కథ చెబితే ఆయన కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. వాళ్ళు బాగా చెప్పుకొనే కథ ఇంకోటుంది. ఒక తల్లి పేరెంట్స్ మీటింగులో సిగ్గుగా ఉందని చెప్పబోయి, ఇంగ్లీషు మాటకు దగ్గరగా ఉందని "ఎంబరసాదా" అనిందట. ఆ మాటకు స్పానిష్‌లో గర్భవతి అని అర్థం. స్పానిష్ తెలిసిన టీచర్లంతా శుభాకాంక్షలు చెప్పారట. నవ్వు అయిపోయాక ఆయనే చెప్పాడు, వాళ్ళ నాయన కాలంలో టెక్సాస్ బడుల్లో ఆటస్థలంలో స్పానిష్ మాట్లాడినా దెబ్బలు పడేవని. 1968లో అమెరికా ద్విభాషా విద్యా చట్టం చేసింది. మనం త్రిభాషా సూత్రాన్ని జాతీయ విద్యావిధానంలో పెట్టుకున్నదీ అదే 1968. అంతకు ముందే, 1956లో, మన రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేరింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చెయ్యాలని అది చెబుతోంది. అంటే చట్టానికి తెలుసు. రెండు భాషల పిల్లవాడు సగం పిల్లవాడు కాదని అది ఎప్పుడో ఒప్పుకుంది. ఆ మాట తరగతి గదిలో బల్ల దాకా రావాలంటే మాత్రం ఒక సారు పడవెక్కాలి.

ఇదంతా పాత కథ కాదు. 2008 తర్వాత ఒకపక్క కృష్ణపట్నం రేవు, ఇంకోపక్క శ్రీసిటీ వచ్చాయి. ఒడిశా, బీహార్, బెంగాల్ నుంచి పనికొచ్చినవాళ్ళు పిల్లలతో ఇక్కడే ఉంటున్నారు. ఆ పిల్లలు మన ఊరి బడుల్లో చివరి బల్ల మీద కూర్చుంటున్నారు. ఇంట్లో ఒడియా, వీధిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు, టీచరు నోట తెలుగు. మనకు రెండు ప్లగ్గులైతే వాళ్ళకు నాలుగు. పోయిన నెల ఒక బడికి వెళ్ళినప్పుడు, ప్రశ్న వేసిన ప్రతిసారీ పెదాలు బిగించుకొని కూర్చున్న ఒక పాపను చూశాను. ఆ బిగింపు నాకు బాగా తెలుసు. దాన్ని మొద్దుతనం అనుకుంటే, మనం ఈ బడిలో నేర్చుకున్నది ఏమీ లేనట్టే.

అందుకని ఈ స్వర్ణోత్సవంలో మన సంఘానికి ఒక చిన్న విన్నపం. బంగారు పతకాలు, స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాం, మంచిదే. దాంతోపాటు చుట్టుపక్కల ప్రాథమిక బడుల్లో ఒక్కో గదికి ఒక్కో గోడ అడుగుదాం. ఆ గదిలో ఎన్ని ఇంటి భాషలుంటే అన్నింటిలో పది అంకెలు, నీళ్ళు, ఆకలి, ఇల్లు, నొప్పి, తెలియలేదు అనే మాటలు పక్కపక్కనే రాయిద్దాం. రాసేది పిల్లలే, చెప్పేది వాళ్ళ అమ్మలే. రంగుల ఖర్చు నా బ్యాచ్ పెట్టుకుంటుంది. వెనక వరసవాళ్ళు ఇంకా మాట్లాడుకుంటున్నారు కాబట్టి వాళ్ళకు ఈ సంగతి తెలియదు, మీరే చెప్పండి. నెలకోసారి ఒక్క గంట వెళ్ళి ఆ పిల్లల పక్కన కూర్చోగలిగిన రిటైరైన మిత్రులు పేర్లిస్తే చాలు. ఒడియా రావాల్సిన పనిలేదు. జవాబు వాళ్ళ మాటలో చెప్పినా అది జవాబేనని గుర్తించే చెవి ఉంటే సరిపోతుంది. ఆ షెడ్డు ఇంజనీరు మొదటి పేరు తనదే రాయించుకున్నాడు. వాళ్ళ అక్క మనవరాలు చదివే బడితోనే మొదలుపెట్టమన్నాడు.

ఇరవై నిమిషాలు దాటినట్టున్నాయి, అధ్యక్షులవారు గడియారం చూసుకుంటున్నారు. ఇక పోదుం. తమిళంలో విన్నవాళ్ళు చాలు అన్నానని అనుకోండి. తెలుగులో విన్నవాళ్ళు భోజనాలకు పోదాం అన్నానని అనుకోండి. రెండూ కరెక్టే.